మధ్యలో ఆగిన జీపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ పాత జీపులవే. అందులోనూ ఎవరో మొదలుపెట్టి వదిలేస్తే ఇంకెవరో కొన్నవి. అందుకని మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న (గుంటూరు): మిర్చి గోడౌను వెనక రేకుల షెడ్డులో తొమ్మిదేళ్ళుగా పడి ఉన్న పెట్రోలు జీపు కొన్నాను. మహీంద్రా సీజే3బీ. మునుపటి ఓనరు దానికి లో బానెట్ పెట్టి, నేలకు దించి, అమెరికా వాళ్ళ హాట్ రాడ్ రోడ్‌స్టర్‌లా (బరువు తీసేసి పందేలకు మార్చుకున్న టాప్ లేని పాత కారులా) చేయాలనుకున్నాడట. ఛాసిస్ వెనక భాగం కోసి పైకెత్తి అతికించాడు. ఇంజను విప్పేసి నాలుగు డబ్బాల్లో పోశాడు. బానెట్‌కి కుడి పక్కన చేత్తో కోసిన పెద్ద కంత ఉంది. మెకానిక్ ముందు ఇంజను కట్టేద్దాం అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఆ కంత దగ్గర మొదలుపెట్టండి. పని ఎందుకు ఆగిందో అది చెబుతోంది.

సీజే3బీలో ఉన్నది హరికేన్ ఇంజను, 134 ఘనపుటంగుళాలది, అంటే 2,199 సీసీ. పెట్రోలు లోపలికి వెళ్ళే వాల్వులు హెడ్‌లో, పొగ బయటకు పోయే వాల్వులు బ్లాకులో ఉంటాయి. అంతకు ముందు జీపుల్లో ఉన్న ఫ్లాట్ హెడ్ ఇంజను కన్నా ఇది ఎత్తు. దీన్ని పట్టించడానికే విల్లీస్ కంపెనీ 1953లో బానెట్ ఎత్తు పెంచింది. మనం హై బానెట్ జీపు అంటున్నది ఆ ఎత్తునే. దాని మీద లో బానెట్ మూస్తే కార్బురేటర్ తగులుతుంది. మునుపటి ఓనరు కంత కోశాడు. తర్వాత గాలి గొట్టానికీ చోటు చాలక ఆపేసి ఉంటాడు. ఇప్పుడు మీరు ఇంజను కట్టి అదే బానెట్ కింద పెడితే, ఆయన ఆగిన చోటే మీరూ ఆగుతారు, చేతిలో డబ్బు అయిపోయాక.

వదిలేసిన ప్రాజెక్టు దేన్ని కొన్నా ముందు చూసుకోవలసింది ఇదే. పని ఊరికే ఆగదు. ఏదో ఒకటి పట్టలేదు, కాగితం దొరకలేదు, లేదా ఏదో పగిలింది. అది తెలిసేదాకా ఒక్క నట్టు కూడా కొనకండి.

మా సలహా సూటిగా చెబుతాం. ఈ బండిని కంపెనీ ఇచ్చిన రూపానికే తీసుకురండి. హై బానెట్, అసలు ఛాసిస్ ఎత్తు, 6.00-16 టైర్లు. చట్టం ఒక కారణం, అది రెండో జవాబులో ఉంది. ఇంకో కారణం బండిలోనే ఉంది. రోడ్‌స్టర్ అంటే ఏం కావాలి? టాప్ ఉండకూడదు, బరువు తక్కువ ఉండాలి, గాలి మొహానికి తగలాలి. జీపు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే టాప్ లేకుండా. ముందు అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టడానికి మడత బందులు కూడా కంపెనీయే పెట్టింది. మీకు కావలసిన రోడ్‌స్టర్ ఆ నాలుగు డబ్బాల్లోనూ ఆ ఫ్రేములోనూ ఉంది. దాన్ని కోసి కొత్తగా చేయక్కర్లేదు.

ఇక పని. ఛాసిస్ నుంచి కమాన్ కట్టలు, యాక్సిళ్ళు విప్పేయండి. గట్టి గచ్చు మీద నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో నాలుగు మూలలూ సమానం చేయండి. కమాన్ కట్ట బిగించే ప్రతి రంధ్రం మధ్య నుంచి దారానికి గుండు కట్టి వదలండి. మొన నేలను తాకే చోట సుద్దతో చిన్న ప్లస్ గుర్తు పెట్టండి. తర్వాత ఛాసిస్‌ను పక్కకు తీసి, నేల మీది గుర్తుల మధ్య ఐమూలగా టేపు పట్టండి. ఫ్రేము మీదే టేపు పడితే మధ్యలో అడ్డాలు తగిలి కొలత తప్పుతుంది. రెండు ఐమూలలకూ తేడా 3 మి.మీ. లోపు ఉంటే మంచిది. 6 మి.మీ. దాటితే ఫ్రేము పక్కకు లాగింది. తర్వాత చక్రాలు కట్టాక ముందు యాక్సిల్ మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్యకు రెండు వైపులా 80 అంగుళాలు, అంటే 2,032 మి.మీ. రావాలి. వంకర ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌లు సరిచేసే షెడ్లకు తీసుకెళ్ళండి. గ్యాసుతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టేవాళ్ళకు మాత్రం ఇవ్వకండి. జాకీలు పెట్టి చల్లగానే మెల్లగా వంచేవాళ్ళకు ఇవ్వండి.

పగుళ్ళు చూడటానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. అనుమానం ఉన్న చోట వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, కిరసనాయిలు పూసి పావుగంట ఆగండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలికి దిగిన కిరసనాయిలు తెల్లటి పొడిలో సన్నటి తడి గీతగా పైకి వస్తుంది. స్టీరింగ్ బాక్సు బిగించే చోటు, ముందు అడ్డపట్టీ మూలలు, వెనక షాకిల్ బ్రాకెట్ల చుట్టూ, షాకబ్జార్బర్ పట్టీలు తప్పకుండా చూడండి. ఓపెన్ జీపు ఫ్రేము ఎక్కువగా చీలేది వీటి దగ్గరే.

వెనక కోసి అతికించిన చోటు అసలు సమస్య. గ్రైండరుతో నునుపు చేసి రంగు కొట్టి ఉంటే నమ్మకండి. రంగు తీసి చూడండి. అతుకు ఫ్రేముకు అడ్డంగా, పైనుంచి కిందికి ఒకే సూటి గీతలో ఉంటే అది నిలవదు. గుంత తగిలినప్పుడల్లా బలమంతా ఆ గీత మీదే పడుతుంది. ఆ అతుకును కోసి తీసేయాలి. ఫ్రేమును అసలు ఎత్తుకు తెచ్చి, లోపలి వైపు అదే మందం రేకుతో 300 మి.మీ. పొడవు తొడుగు వేయండి. తొడుగు చివరలు చతురస్రంగా కోయకుండా వజ్రంలా ఏటవాలుగా కోయాలి. చతురస్రంగా కోస్తే ఆ అంచు దగ్గరే కొత్త పగులు పుడుతుంది. వెల్డింగు పొడవు దిక్కుగా వేయండి. ఫ్రేము పై రెక్క మీద గానీ కింది రెక్క మీద గానీ అడ్డంగా గీత రాకూడదు, ఆ రెక్కల్లో రంధ్రాలు కూడా వేయకూడదు. సీవోటూ వెల్డింగ్ మేలు. ఆర్క్ అయితే 7018 రాడ్లు, అవీ తడి తగలనివి. ఒక్కసారిగా లాగకండి. ఒక అంగుళం వేసి, అవతలి పక్కకు వెళ్ళి ఒక అంగుళం వేసి, చేయి పెట్టగలిగేంత చల్లారాక మళ్ళీ రండి. ఒకే పక్క వేడి ఎక్కితే ఫ్రేము అటు లాగుతుంది. అందుకే వెల్డింగ్ తర్వాత గుండు, దారం, ఐమూలలు మళ్ళీ మొదటినుంచి.

డబ్బాల సంగతి. మెయిన్ బేరింగు క్యాపులు మూడు ఉంటాయి. అవి ఆ బ్లాకుతోనే కలిపి బోరింగు చేసినవి. వేరే బ్లాకు క్యాపు పెడితే క్రాంకు తిరగదు, లేదా నెలలోపు బేరింగు తింటుంది. కనెక్టింగ్ రాడ్ క్యాపులూ అంతే. వాటి మీద కొట్టిన నంబర్లు కడిగి చూసుకోండి, జత కుదరకపోతే లైన్ బోరింగు (క్యాపులన్నీ బిగించి ఒకే వరసలో కోయించడం) చేయించాలి. టాపెట్లు ఏ క్యామ్ మీద అరిగాయో దానికే వెళ్ళాలి. కలిసిపోయి ఉంటే ముఖాలు కొత్తగా గ్రైండింగు చేయించండి. జీపు బోల్టులన్నీ అంగుళాల కొలత మరలవి, మి.మీ. కొలతవి కావు. తొమ్మిదేళ్ళ డబ్బాలో ఎవరో 10 మి.మీ. బోల్టులు కలిపే ఉంటారు. 3/8 అంగుళం నట్టులో 10 మి.మీ. బోల్టు రెండు చుట్లు ఎక్కినట్టే అనిపిస్తుంది, ఆ తర్వాత మర తెగుతుంది. థ్రెడ్ గేజ్ ఒకటి కొని రెండు సాయంత్రాలు కూర్చుని వేరు చేయండి. స్టీరింగ్, బ్రేకు, కమాన్ కట్టల బోల్టులు మాత్రం పాతవి వాడకండి, హై టెన్సైల్ కొత్తవే.

ఇంజను కట్టడం వీటన్నిటి తర్వాత. ఛాసిస్ చక్రాల మీద నిలబడి, స్టీరింగ్ తిరిగి, బ్రేకు పట్టి, తాడుతో లాగితే సూటిగా వచ్చిన రోజున ఇంజను మొదలుపెట్టండి. ముందే కట్టిన ఇంజను షెడ్డులో ఏడాది కూర్చుంటే సిలిండరు గోడలకు మళ్ళీ తుప్పు వస్తుంది.

ప్రశ్న (విజయవాడ, పటమట): ఇలాంటి బండికి ఆర్.సి. వస్తుందా? వింటేజ్ కింద వీఏ నంబరు (పాతకాలపు బండ్లకు ఇచ్చే వీఏ అక్షరాల రిజిస్ట్రేషన్) తెచ్చుకుంటే మార్పులు చేసుకోవచ్చని ఒకరు చెప్పారు.

జవాబు: తప్పు చెప్పారు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అంటే కోసి తిరిగి చేసిన హాట్ రాడ్‌కు ఆ దారి మూసే ఉంది. అసలు రూపంలో ఉన్న జీపుకు తెరిచి ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. వింటేజ్ కింద చేయించాక రోజూ ఆఫీసుకు తిప్పడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే.

మామూలు ఆర్.సి. మీద నడపాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గుర్తుంచుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి ఉండకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. అరిగిపోయిన ఇంజను బదులు అదే రకం ఇంజను పెట్టుకోవాలంటే ముందు అనుమతి, తర్వాత కొత్త నంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవడం. రంగు మారినా చెప్పాలి. ఆర్.సి.లో పెట్రోలు అని ఉన్న జీపులో డీజిలు ఇంజను కూర్చోబెట్టి ఊరుకుంటే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర ఆ మాటే అడ్డం వస్తుంది.

కొనేముందు ఫ్రేము మీద చెక్కిన నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలు రుద్దండి. ఆ అక్షరాలు, పలక మీదివి, ఆర్.సి.లోవి మూడూ ఒకటే కావాలి. నంబరు చుట్టూ గ్రైండరు గీతలు కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. చాలా పాత ఆర్.సి. పుస్తకాల వివరాలు ఆన్‌లైన్‌లో ఉండవు. అప్పుడు రవాణా శాఖ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాక గానీ పేరు మార్పు కదలదు. దానికి పుస్తకంలో పేరున్న మనిషి గానీ వారసులు గానీ కావాలి. మీకు అమ్మినవాడు మూడో చేతివాడైతే మొదటివాడి సంతకం దొరికేదాకా డబ్బు మొత్తం ఇవ్వకండి.

ప్రశ్న (నరసరావుపేట): ఇదే హరికేన్ ఇంజను. కొత్త పిస్టన్లతో కట్టించాం. హెడ్ గాస్కెట్ మూడుసార్లు పోయింది, ప్రతిసారీ మధ్య సిలిండర్ల దగ్గరే. హెడ్ లేతు మీద ముఖం కూడా తీయించాం.

జవాబు: కార్బురేటర్ విప్పి దాని కింది కంతలోకి టార్చి వేసి చూడండి. లోపల ఒక హెడ్ బోల్టు తల కనబడుతుంది. ఈ ఇంజనులో గాలి దారి హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. ఒక బోల్టు ఆ దారి అడుగున, సరిగ్గా కార్బురేటర్ కింద ఉంటుంది. తెలియని చేతులు దాన్ని బిగించడం మరిచిపోతాయి. విప్పేటప్పుడు మరిచిపోయి హెడ్‌ను గునపంతో పెకలించబోయి పగలగొట్టినవాళ్ళూ ఉన్నారు. మీ గాస్కెట్ మధ్యలోనే పోతోందంటే మొదటి అనుమానం ఆ బోల్టు మీదే.

అన్ని హెడ్ బోల్టులకూ టార్క్ రెంచి మీద బిగింపు 60 నుంచి 70 అడుగు పౌండ్లు, అంటే 81 నుంచి 95 న్యూటన్ మీటర్లు. మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా బిగించండి. మొదట 30, తర్వాత 50, చివర 65 అడుగు పౌండ్లు. మరలకు నూనె చుక్క రాయండి, కానీ బోల్టు రంధ్రంలో నూనె గానీ నీళ్ళు గానీ నిలవకూడదు. నిలిస్తే బోల్టు దిగకుండానే రెంచి టక్కుమంటుంది, బ్లాకు కూడా చీలొచ్చు. ఇంజను వేడెక్కి పూర్తిగా చల్లారాక మరోసారి, ఆ లోపలి బోల్టుతో సహా బిగించండి. వాల్వు గ్యాపు చల్లటి ఇంజను మీద పైవాటికి 0.018 అంగుళం, పక్కవాటికి 0.016. పక్క వాల్వులకు గ్యాపు బ్లాకు పక్కనున్న మూత తీసి పెట్టాలి. పైవి మాత్రమే చూసి మూత వేసేస్తే పక్కవి బిగిసిపోయి సీటు కాలుతుంది. ఫైరింగు వరస 1-3-4-2, పాయింటు గ్యాపు 0.020 అంగుళం, ప్లగ్గు గ్యాపు 0.030 అంగుళం.

ఇంత చేసినా పోతే బ్లాకు చూడాలి. పక్క వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్యనున్న సన్నటి గోడ ఈ ఇంజనుకు బలహీనమైన చోటు. బోరింగు షాపులో నీళ్ళ ప్రెషర్ పెట్టించి చూపించుకోండి.

ప్రశ్న (విజయవాడ): బ్రేకులన్నీ కొత్తవి వేయించాను. బెంజి సర్కిల్ నుంచి గన్నవరం వైపు బయలుదేరితే అయిదారు కిలోమీటర్లకే బండి బరువెక్కి, డ్రమ్ములు చేయి పెట్టలేనంత కాలుతున్నాయి. అరగంట ఆపితే మామూలే. మెకానిక్ షూలు వదులు చేశాడు, ఇప్పుడు పెడల్ కిందిదాకా పోతోంది, పట్టేయడం మాత్రం అలాగే ఉంది.

జవాబు: షూలను మళ్ళీ సరిగా బిగించేయండి, లోపం వాటిలో లేదు. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు వెనక షాఫ్టు మీద ఉంటుంది, కాబట్టి దాన్నీ అనుమానించక్కర్లేదు.

మాస్టర్ సిలిండరు అడుగున రెండు రంధ్రాలుంటాయి. చిన్నది సూదిమొనంత. పెడల్ వదిలినప్పుడు లైన్లలో వేడికి ఉబ్బిన ఆయిలు ఆ సూది రంధ్రంలోంచి పైకి రావాలి. లోపలి కప్పు వెనక్కి పూర్తిగా జరగకపోతే ఆ రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఆయిలు వేడికి ఉబ్బుతుంది, పోయేదారి లేక షూలను నెడుతుంది, షూలు ఇంకా వేడెక్కిస్తాయి. చల్లారితే వదులుతుంది. మీరు రాసినది అచ్చంగా ఇదే.

మూత తీసి, ఒకరిని పెడల్ మెల్లగా, ఒక్క అంగుళం మాత్రమే నొక్కమనండి. మొదట్లోనే ఆయిలు పైకి సన్నటి ఊటలా చిమ్మాలి. కళ్ళు దగ్గరగా పెట్టకండి. ఊట రాలేదంటే రంధ్రం మూసి ఉంది. పెడల్‌కూ మాస్టర్‌కూ మధ్యనున్న రాడ్డును పొట్టి చేసి, పెడల్ దగ్గర అర అంగుళం ఖాళీ ఆట వచ్చేలా పెట్టండి. ఆ రాడ్డు పొడవు సరిచేసుకునేలా లేకుండా ఎవరో లేతు మీద అందాజుగా చేసి ఉంటారు. పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు, ఆపే స్టాపరు ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఊట బాగానే వస్తున్నా పట్టేస్తుంటే, వేడిగా పట్టేసి ఉన్నప్పుడే మాస్టర్ దగ్గరి పైపు నట్టు కొంచెం వదలండి. చక్రాలు వదిలితే లోపం మాస్టర్‌లో. వదలకపోతే చక్రం దగ్గర బ్లీడింగ్ నిపిలు వదలండి. అప్పుడు వదిలితే మధ్యలోని రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయింది. బయటికి కొత్తగా కనబడే గొట్టం కూడా లోపల మూసుకుపోయి ఉండొచ్చు. ఎవరైనా పొరపాటున బ్రేకు ఆయిలు బదులు ఇంజను ఆయిలు పోసి ఉంటే రబ్బరు కప్పులన్నీ ఉబ్బుతాయి. అలా జరిగితే కడిగి లాభం లేదు. మాస్టర్, చక్రాల సిలిండర్లు, గొట్టాలు అన్నిటి రబ్బరూ మార్చాలి.

బ్రేకు ఆయిలు డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ పోయండి. గాలి తీయడం మాస్టర్‌కు దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి. పైపు చివరలు రెండు మడతలు వేసినవే వాడండి, ఒక మడత వేసినవి నట్టు కింద చీలతాయి.

ప్రశ్న (మంగళగిరి): ఛాసిస్, బాడీ శాండ్ బ్లాస్టింగ్ చేయించాను. తెల్లారేసరికి నారింజ రంగు తుప్పు పొర వచ్చింది. బానెట్ రేకు అలలు అలలుగా అయింది. రంగు కొట్టే ఆయన లప్పం పెడితే పోతుందంటున్నాడు.

జవాబు: కృష్ణ ఒడ్డున గాలిలో తేమకు బ్లాస్టింగ్ చేసిన ఇనుము ఒక్క రాత్రి కూడా ఆగదు. పొద్దున బ్లాస్టింగ్ పెట్టుకుని, నాలుగు గంటల్లోపు ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. రెండు షాపులు వేరైతే ముందే ఇద్దరికీ రోజు ఖాయం చేయండి. వాన వచ్చేలా ఉంటే ఆ రోజు మానేయండి. శుభ్రం చేసిన ఇనుమును ఒట్టి చేత్తో పట్టుకోకూడదు, చెమట ఉప్పు అంటిన చోట వేలిముద్ర ఆకారంలో తుప్పు లేస్తుంది. ఇప్పుడు వచ్చిన పొర పలచనే. 80 నంబరు ఉప్పుకాగితంతో గీకి, థిన్నరు గుడ్డతో తుడిచి, వెంటనే ప్రైమరు కొట్టించండి.

బానెట్ పాడైంది దగ్గరి నుంచి ఎక్కువ ప్రెషర్‌తో కొట్టినందుకు. ఛాసిస్‌కు, యాక్సిళ్ళకు, బ్రాకెట్లకు బ్లాస్టింగ్ మంచిది. బానెట్, పక్క రేకులు లాంటి వెడల్పు పలకలకు పెయింట్ రిమూవరు వాడాలి. అలలను లప్పంతో నింపకండి. టింకరింగ్ చేసే మంచి పనివాడి దగ్గర దిమ్మె, సుత్తి పెట్టి రేకు సాపు చేయించండి. ఎపాక్సీ మీద లప్పం 2 మి.మీ. మించకుండా పెట్టాలి. ఒట్టి ఇనుము మీద పెట్టిన లప్పం తేమ పీల్చుకుని రెండో వానాకాలానికి బుడగలు లేస్తుంది. ఇంకో మాట. అసలు ఇసుకతో కొట్టే షెడ్డు అయితే మానుకోండి, ఆ దుమ్ము పనివాళ్ళ ఊపిరితిత్తులను తినేస్తుంది. కాపర్ స్లాగ్ వాడే చోటు వెతకండి.

ప్రశ్న (తెనాలి): హాట్ రాడ్‌లు కార్ల టాప్ కోసి చేసేవే కదా? ఇంట్లో నడవని అంబాసిడర్ ఉంది, దాని టాప్ కోయిస్తే రోడ్‌స్టర్ అవుతుందా?

జవాబు: అవదు, కోయించకండి. 1930ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద పందేలకు ఎక్కువగా వాడినవి ఫోర్డ్ మోడల్ ఏ, 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్లు. అవి కంపెనీ నుంచే టాప్ రేకు లేని బండ్లు. కింద విడిగా నిచ్చెనలాంటి ఛాసిస్ ఉండేది. వాళ్ళు తీసేసింది మడ్‌గార్డులు, బంపర్లు, ముందు అద్దం. బరువు తగ్గింది గానీ బలం తగ్గలేదు. 1932లో వచ్చిన 65 గుర్రాల వీ8 ఇంజను చవగ్గా దొరకడంతో ఆ పని ఊపందుకుంది.

అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు. నేల రేకు, పక్క దూలాలు, స్తంభాలు, టాప్ అన్నీ కలిసి మోస్తాయి. టాప్ కోసిన రోజే బండి నడుము కిందికి జారుతుంది, తలుపులు పట్టేస్తాయి. కోయకముందు తలుపు సందులో 4 మి.మీ. ఉన్నది కోశాక పైన రెండు, కింద ఆరు కావడం చూడొచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంది, టాప్ బోల్టులతో బిగించినది. అలాంటిది దొరికినా రిజిస్ట్రేషన్ మాట పైన చెప్పినట్టే.

ప్రశ్న (చిలకలూరిపేట): కట్టించిన పెట్రోలు జీపు హైవే మీద వందలో పోతుందా?

జవాబు: పోనివ్వకండి. వెనక డిఫరెన్షియల్ పళ్ళ నిష్పత్తి 5.38, టైరు 6.00-16 అయితే 80 కిలోమీటర్ల వేగానికే ఇంజను నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుంది. వందకు దాదాపు 4,000. అది ఈ ఇంజను పూర్తి శక్తి ఇచ్చే చివరి హద్దు. పిస్టన్ ఒక్కో దెబ్బకు 111 మి.మీ. ప్రయాణిస్తుంది, అంత పొడవు స్ట్రోకుతో ఆ వేగం గంటలకొద్దీ తట్టుకోదు. 65, 70 దగ్గర ఉంచండి. పైగా 9 అంగుళాల డ్రమ్ములు ఆపగలిగేదీ అంతే.

ప్రశ్న (విజయవాడ, కృష్ణలంక): మా పాత జీపు ఆరు వోల్టులది. పన్నెండుకు మార్చాం. స్టార్టరు మార్చాలా?

జవాబు: స్టార్టరు మోటారు ఉంచుకోవచ్చు, అయిదు సెకన్ల కన్నా ఎక్కువ తిప్పకండి. రెట్టింపు ఊపుతో రింగు పళ్ళను కొడుతుంది కాబట్టి బెండిక్స్ స్ప్రింగు (స్టార్టరు పళ్ళచక్రం దెబ్బను ఓర్చుకునే స్ప్రింగు) బాగుండాలి. కాయిల్, డైనమో లేదా ఆల్టర్నేటరు, బల్బులు, హారను, మీటర్లు అన్నీ 12 వోల్టులవే పెట్టాలి. పెద్ద లైట్లకు 2.5 చదరపు మి.మీ. వైరుతో రిలే వేయండి. రెండు 60 వాట్ల బల్బులు 10 ఆంపియర్లు లాగుతాయి, పాత స్విచ్చు అంత మోయలేదు. రంగు కొత్తగా కొట్టిన బాడీకి ఎర్త్ అందదు. ఇంజను నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి బాడీకి రంగు గీకి విడి పట్టీలు బిగించండి.

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): మే నెలలో మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే జీపు మళ్ళీ అందుకోదు. సాయంత్రం బాగుంటుంది. పంపు కొత్తది.

జవాబు: పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోంది. పంపు ద్రవాన్ని తోయగలదు, ఆవిరిని తోయలేదు. బండి ఆగిన వెంటనే కార్బురేటర్‌కు వెళ్ళే గొట్టం మీద తడిగుడ్డ చుట్టి రెండు నిమిషాలాగి స్టార్ట్ చేయండి. అందుకుంటే అదే రోగం. గొట్టం సైలెన్సరు మానిఫోల్డు పక్క నుంచి పోతుంటే కనీసం మూడు అంగుళాలు దూరం జరపండి, మధ్యలో రేకు అడ్డం పెట్టండి. కార్బురేటర్ అడుగున వేడిని ఆపే మందపాటి బేకలైటు గాస్కెట్ వేయండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ డయాఫ్రం దానికి మెత్తబడి ఊడతాయి. ఇథనాల్‌కు తట్టుకునేవని అడిగి కొనండి. అది తేమ కూడా లాగుతుంది. నెలకు పైగా బండి కదలదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా ఇంజను నడిపి కాల్చేయండి.